ఫ్రంట్ స్ప్రాకెట్ నట్టు కదలడం లేదా? ముందు పాత చైను మళ్లీ ఎక్కించండి

మీరు అడిగింది క్లుప్తంగా ఇదీ: బెంగళూరు మారతహళ్లిలో అపార్ట్‌మెంట్ పార్కింగ్‌లో సొంతంగా బైకు చైన్ స్ప్రాకెట్ కిట్ (చైను, అది ఎక్కే ముందు వెనక పళ్ల చక్రాలు) మార్చుకుంటున్నారు. బండికి ఎనిమిదేళ్లు. చైను రెండు కొసలను కలిపే లాక్ లింకు తీసి పాత చైను పక్కన పెట్టేశారు, వెనక చక్రం ఇంకా విప్పలేదు. ముందు స్ప్రాకెట్ దగ్గర 27 సైజు నట్టు మొండికేసింది. ఫస్ట్ గేర్‌లో పెట్టి తిప్పితే ఇంజనే తిరుగుతోంది కానీ నట్టు వదలడం లేదు. సాకెట్ రెండుసార్లు జారి మూలలు కొంచెం అరిగాయి. ఇప్పుడు పెద్ద పైపు తగిలించాలా, గ్యాస్ టార్చ్‌తో కాల్చాలా, మెకానిక్ షాపు దాకా తోసుకుపోవాలా అని అడిగారు.

ఇప్పుడే పైపూ వద్దు, టార్చీ వద్దు. ముందు పాత చైనును మళ్లీ ఎక్కించండి. వెనక చక్రం నేల మీదే ఉండాలి. ఒకరు బండి మీద కూర్చుని వెనక బ్రేకు గట్టిగా తొక్కి పట్టుకోవాలి. నట్టు వదులవకుండా దాని కింద వేసే లాక్ వాషర్‌లో, నట్టుకు ఆనించి మడిచిన అంచును (చెవిని) పూర్తిగా వెనక్కి విప్పాలి. ఆరు మూలల సాకెట్, రెండడుగుల బార్ తెచ్చుకోవాలి. ఈ నాలుగూ కుదిరితే, మీలాంటి కేసుల్లో చాలావరకు పది నిమిషాల్లో నట్టు వదిలేస్తుంది.

నాది మదనపల్లె. కె.ఆర్. పురంలో ఇరవై రెండేళ్లుగా బైక్ షెడ్డు నడుపుతున్నాను. ఈ నట్టుతో కుస్తీ పట్టి చెడగొట్టుకున్న బళ్లు చివరికి నాలాంటి వాళ్ల దగ్గరికే వస్తాయి కాబట్టి కొంచెం వివరంగానే చెప్తాను. నట్టు పోతే చిన్న ఖర్చు. అది ఎక్కిన షాఫ్టు మర పాడైతే మాత్రం చాలా బళ్లలో ఇంజన్ కిందికి దించి, కేసు రెండుగా విడదీసి షాఫ్టు మార్చాల్సిందే. మీరు వేసే ప్రతి అడుగూ ఆ షాఫ్టును కాపాడుకునేలా ఉండాలి.

ముందుగా ఒక మాట. స్ప్లెండర్ లాంటి చాలా కమ్యూటర్ బళ్లలో ఇంత పెద్ద నట్టే ఉండదు. రెండు చిన్న 10 నంబర్ బోల్టులు, ఒక లాక్ ప్లేటు ఉంటాయి. బోల్టులు తీసి ప్లేటును కాస్త తిప్పితే పళ్లు గాడిలో కుదిరి బయటికి వచ్చేస్తుంది. ఇది చదివే మిగతావాళ్లు తమ బండికి ఏది ఉందో చూసుకుని మొదలుపెట్టండి. ఇక్కడ నేను చెప్పేది మధ్యలో ఒకే పెద్ద నట్టు ఉండే బళ్ల గురించి.

గేర్‌లో పెడితే ఎందుకు ఆగదు?

ముందు స్ప్రాకెట్ ఉండేది గేర్‌బాక్స్ నుంచి బయటికి వచ్చే షాఫ్టు చివర. బండి గేర్‌లో ఉంటే ఆ షాఫ్టును ఆపేవి గేరు పళ్లు, క్లచ్ ప్లేట్లు, ఆఖరికి సిలిండర్‌లో పిస్టన్ నొక్కి పట్టిన గాలి. ఆ గాలి ఎంతసేపు ఆపుతుంది? మీరు బలం పెట్టగానే ఇంజనైనా తిరుగుతుంది, క్లచ్ అయినా జారుతుంది. మీ చేతి బలమంతా నట్టు మీద పనిచేయదు. పైగా ఊపి ఊపి లాగితే ఆ కుదుపులన్నీ గేర్ల మీద పడతాయి. నేను గేర్‌ను ఎప్పుడూ అదనపు ఆసరాగానే చూస్తాను, దాని మీద ఆధారపడను.

చైను ఉంటే లెక్క మారిపోతుంది. బండికి ఎడమ పక్క కూర్చుని చూడండి. మామూలు నట్టును గడియారం ముల్లు తిరిగే దిశకు ఎదురుగా విప్పుతాం. బండి ముందుకు వెళ్లేటప్పుడు స్ప్రాకెట్ తిరిగేది కూడా అటే. అంటే మీరు విప్పడానికి బలం పెట్టినప్పుడు చైను పై వరస బిగుసుకుని వెనక చక్రాన్ని ముందుకు నెట్టాలని చూస్తుంది. ఇద్దరు మనుషులతో పోయే బండిని ఆపగలిగే బ్రేకు ఆ చక్రాన్ని పట్టుకుని ఉంటుంది. ఇంతకన్నా గట్టి పట్టు మీకు ఇంట్లో దొరకదు.

రెండు చిన్న జాగ్రత్తలున్నాయి. చైను వదులుగా ఉంటే ముందు అడ్జస్టర్లతో కాస్త బిగించండి, లేకపోతే ప్రతిసారీ టక్కుమని కుదుపు వచ్చి సాకెట్ జారుతుంది. రెండోది, బండి ముందుకు జరగాలని చూస్తుంది కాబట్టి ముందు టైరును పార్కింగ్ పిల్లర్‌కు ఆనించి పెట్టండి. సెంటర్ స్టాండ్ మీద ఈ పని చేయకండి, స్టాండ్ దిగిపోయి బండి మీ కాళ్ల మీద పడవచ్చు.

లాక్ లింకు ఎక్కడో పోయి చైను కలపలేకపోతున్నారా? పాత చైనులో ఒకటిన్నర అడుగు ముక్క తీసుకుని, ఒక చివరను ఇనుప పట్టీకి బోల్టుతో బిగించండి. ఆ చైనును స్ప్రాకెట్ పళ్ల మీద చుట్టి పట్టీని పట్టుకుంటే స్ప్రాకెట్ కదలదు. సైకిల్ రిపేరు వాళ్లు వెనక పళ్ల చక్రాలు విప్పడానికి వాడేది ఇదే ఉపాయం. నా షెడ్డులో వెల్డింగ్ షాపులో చేయించుకున్నది ఒకటి ఉంది, పదేళ్లుగా పని చేస్తోంది. పట్టీ స్వింగ్ ఆర్మ్‌కు (వెనక చక్రాన్ని పట్టి ఉంచే చట్రం) ఆనే చోట మాత్రం చెక్క ముక్క పెట్టండి.

స్ప్రాకెట్ పళ్లకూ ఇంజన్ కేసుకూ మధ్య స్క్రూడ్రైవర్ దూర్చి ఆపడం మాత్రం ఎప్పుడూ చేయకండి. మూడేళ్ల కింద ఒక కుర్రాడు ఆ పని చేసి బండి తెచ్చాడు. నట్టు వదల్లేదు కానీ కేసు అంచున అల్యూమినియంకు బెజ్జం పడి, అక్కడి నుంచి జుట్టంత సన్నని పగులు, ఆయిల్ కారకుండా ఆపే సీల్ దాకా పోయింది. అల్యూమినియం వెల్డింగ్ చేయించి, సీల్ మార్చి, బండి బయటికి వెళ్లేసరికి తొమ్మిది రోజులు పట్టింది.

లాక్ వాషర్ చెవి నిజంగా విప్పారా?

ఈ ప్రశ్న అడిగితే చాలామంది "విప్పాను అన్నా" అంటారు. దగ్గరికెళ్లి చూస్తే సగమే లేచి ఉంటుంది. ముందు ఆ చోటు శుభ్రం చేయండి. చైన్ ఆయిల్, మట్టి కలిసి నల్లటి జీడిలా పేరుకుని చెవిని కప్పేస్తాయి. పాత టూత్‌బ్రష్, కిరోసిన్‌తో తోమితే అసలు సంగతి బయటపడుతుంది. వాషర్ అంచు నట్టు చదును మీదికి మడిచి ఉంటుంది, కొన్నిసార్లు రెండు చోట్ల. సన్నని ఉలిని చెవికీ నట్టుకూ మధ్య పెట్టి చిన్న సుత్తితో మెల్లగా కొట్టుకుంటూ లేపండి. సాకెట్ పూర్తిగా దిగేంత వరకు వెనక్కి వంచాలి. సగం లేచిన చెవి మీద సాకెట్ పెడితే అది వాలుగా కూర్చుని మూలలను తినేస్తుంది. మీ నట్టు అరిగింది ఇలాగే అయ్యుంటుందని నా అనుమానం.

కొన్ని నట్లకు ఇలాంటి వాషర్ ఉండదు. నట్టుకే పల్చటి అంచు ఉంటుంది, దాన్ని షాఫ్టు గాడిలోకి కొట్టి నొక్కేస్తారు. అలా ఉంటే చిన్న పంచ్‌తో ఆ నొక్కును పైకి లేపాకే తిప్పాలి. లేపకుండా తిప్పితే ఆ అంచు షాఫ్టు మరను గీరుకుంటూ వస్తుంది.

ఆరు మూలల సాకెట్, పొడవు బార్

పన్నెండు మూలల సాకెట్ నట్టును కొసల దగ్గర పట్టుకుంటుంది. ఆరు మూలలది చదును మీద ఆని పట్టుకుంటుంది. మామూలు పనికి తేడా తెలియదు, ఇలాంటి మొండి నట్టు దగ్గర తెలుస్తుంది. కొద్దిగా అరిగిన మూలల మీద కూడా ఆరు మూలల సాకెట్ చాలాసార్లు పట్టు ఇస్తుంది. మీ నట్టు ఆ స్థితిలోనే ఉంది కాబట్టి ఇంకొక్కసారి కూడా పాత సాకెట్ పెట్టకండి. సిటీ మార్కెట్ పక్కన ఎస్.జె.పి. రోడ్డులో పనిముట్ల షాపులు వరసగా ఉంటాయి, అర అంగుళం డ్రైవ్‌లో 27 సైజు ఇంపాక్ట్ సాకెట్, బ్రేకర్ బార్ (సాకెట్‌కు తగిలించే పొడవాటి గట్టి పిడి) రెండూ దొరుకుతాయి. ఆదివారం చాలా షాపులు మూసి ఉంటాయి, శనివారమే వెళ్లండి. లాక్ వాషర్ కోసం జె.సి. రోడ్డు స్పేర్ పార్ట్స్ షాపుల్లో అడగండి, పాతది చేత్తో పట్టుకుని వెళ్తే సైజు తప్పదు.

బార్ పొడవు సంగతి లెక్కతో చెప్తాను. ఈ రకం నట్లను బండిని బట్టి సుమారు 60 న్యూటన్ మీటర్ల (తిప్పే బలానికి కొలత) నుంచి 100 దాటి కూడా బిగిస్తారు. ఏళ్లు గడిచి, మట్టి పట్టి, మర మీద లాక్‌టైట్ (నట్టు వదులవకుండా పూసే జిగురు) ఉంటే విప్పడానికి అంతకన్నా ఎక్కువే కావాలి. 30 సెంటీమీటర్ల రాచెట్ (లోపల పళ్లుండి ఒక వైపే పట్టే సాకెట్ పిడి) చివర 50 కిలోల బలం పెడితే వచ్చేది దాదాపు 147 న్యూటన్ మీటర్లు. అదే బలం 60 సెంటీమీటర్ల బార్ చివర పెడితే 294. మీ ఒంటి బలం మారలేదు, పొడవు మారింది అంతే. రాచెట్‌కు పైపు తగిలిస్తే లోపలి పళ్లు విరుగుతాయి. బ్రేకర్ బార్‌లో పళ్లు ఉండవు కాబట్టి అది తట్టుకుంటుంది.

బార్‌ను ముందు చక్రం వైపు చాచి, నేలకు సమాంతరంగా పెట్టి, కిందికి నొక్కండి. ఒక చేత్తో సాకెట్ తలను నట్టు మీదికి గట్టిగా అదిమి పట్టుకోవాలి, బలం రెండో చేత్తో, భుజంతో. ఊపులు వద్దు. మెల్లగా పెంచుకుంటూ పోండి. వదిలేటప్పుడు "టక్" మని ఒక్క శబ్దం వస్తుంది, బార్ రెండు అంగుళాలు కిందికి దిగుతుంది. అది నిజంగా నట్టు వదలడమేనా, సాకెట్ జారిందా అని అనుమానం వస్తే ఆగండి. ముందే నట్టుకూ షాఫ్టుకూ కలిపి మార్కర్‌తో ఒక గీత గీసి ఉంచితే, గీత విడిపోయిందో లేదో చూసి తేల్చుకోవచ్చు. బార్ మీద ఎక్కి గెంతడం వద్దు. జారితే మోకాలు నేరుగా ఫుట్‌రెస్ట్‌కు తగులుతుంది.

ఎడమ మర కాదు కదా?

కొన్ని బళ్లలో ఈ నట్టుకు ఎడమ మర ఉంటుంది, అంటే విప్పే దిశ ఉల్టా. సర్వీస్ మాన్యువల్‌లో రాసి ఉంటుంది, మొదట అది చూడండి. మాన్యువల్ లేకపోతే నట్టు బయటికి పొడుచుకొచ్చిన షాఫ్టు మరను చూడండి. షాఫ్టు కొస పైకి ఉన్నట్టు తల వంచి చూస్తే, మామూలు మర గీతలు కుడి వైపుకు ఎక్కుతూ కనిపిస్తాయి, ఎడమ మరవి ఎడమ వైపుకు ఎక్కుతాయి. పక్కన ఒక మామూలు బోల్టును నిలబెట్టి పోల్చుకుంటే ఇంకా తేలిక. పని నేర్చుకునే రోజుల్లో నేను ఇది చూడకుండా ఒక బండి నట్టును అరగంట సేపు ఇంకా బిగించాను. అప్పటి నుంచి మర చూడకుండా బార్ చేత్తో పట్టుకోలేదు.

ఇంకా కదలకపోతే

ఇక్కడ చాలామంది తుప్పు పట్టిందనుకుని డబ్బా డబ్బా డబ్ల్యూడీ-40 కొడతారు. బెంగళూరు బళ్లలో ఆ చోట తుప్పు చాలా తక్కువ, చైన్ ఆయిల్ ఎప్పుడూ చిమ్ముతూనే ఉంటుంది. చెన్నైలో సముద్రం దగ్గర తిరిగిన బళ్లు కొన్ని వస్తాయి, వాటి బయటి బోల్టులు ఎర్రగా పొడి రాలుతుంటాయి. అయినా స్ప్రాకెట్ నట్టు మాత్రం వాటిల్లో కూడా చాలాసార్లు బాగానే ఉంటుంది. అసలు కారణం ఎక్కువగా లాక్‌టైట్, లేదా ఇంతకుముందు ఎవరో ఇంపాక్ట్ గన్‌తో (దెబ్బలు కొడుతూ నట్లు తిప్పే యంత్రం) మితిమీరి బిగించడం. తుప్పు కనిపిస్తే మాత్రం తుప్పు వదిలించే ఆయిల్ వేసి రాత్రంతా వదిలేయండి. అది మెల్లగా పాకాలి, పది నిమిషాల్లో ఏమీ జరగదు.

లాక్‌టైట్‌కు మందు వేడి. అయితే నట్టు వెనకే, స్ప్రాకెట్ చాటున, రబ్బరు ఆయిల్ సీల్ ఉంటుంది. మామూలు సీల్ రబ్బరు 100 డిగ్రీల చిల్లర వేడి దాకా బాగానే ఉంటుంది, టార్చ్ మంట దానికి ఎన్నో రెట్లు ఎక్కువ. అందుకే మంట వద్దు, హాట్ ఎయిర్ గన్ వాడండి. నట్టు మీదికే గాలి పోయేలా రెండు మూడు నిమిషాలు వేడి చేసి వెంటనే బార్ వేయండి. వదలకపోతే ఇంకోసారి, అంతేకానీ పది నిమిషాలు ఏకధాటిగా కాల్చకండి. అంతకుముందు పెట్రోల్ ట్యాప్ కట్టేయండి. బ్రేక్ క్లీనర్ గానీ, డబ్ల్యూడీ-40 గానీ కొట్టిన చోట వేడి పెట్టకండి, రెండూ అంటుకుంటాయి. కొన్ని రకాల బ్రేక్ క్లీనర్ వేడి తగిలితే విషపు గాలి వస్తుంది. మీది బేస్‌మెంట్ పార్కింగ్ అయితే ఈ పని పైకి తెచ్చి చేయండి.

ఒకాయన టార్చ్‌తో కాల్చి నట్టు విజయవంతంగా తీశారు, కొత్త స్ప్రాకెట్ వేసుకున్నారు. వారం తర్వాత పార్కింగ్‌లో ఆయిల్ మరకలు చూసి నా దగ్గరికి వచ్చారు. స్ప్రాకెట్ తీసి చూస్తే సీల్ పెదవి కాలిన దోసె అంచులా గట్టిపడి చిట్లి ఉంది. సీల్ చవకే, కానీ ఆ వారం అంతా ఆయిల్ వెనక టైరు పక్కకే చిమ్మింది. వానలో ఓ మలుపు దగ్గర ఏమై ఉండేదో తలుచుకుంటే ఇప్పటికీ భయమేస్తుంది.

వేడికీ లొంగకపోతే ఇంపాక్ట్ గన్. అది ఒక్కసారిగా లాగదు, చిన్న చిన్న దెబ్బలు వేగంగా కొడుతుంది. షాఫ్టు కదిలేలోపే నట్టు కదులుతుంది. అప్పుడు కూడా చైను, బ్రేకు ఉండాల్సిందే. రెండు మూడు సెకన్లు కొట్టి ఆపి చూడండి. నల్లటి ఇంపాక్ట్ సాకెట్ మాత్రమే పెట్టండి, మెరిసే మామూలు సాకెట్ పగిలి ముక్కలు ఎగురుతాయి, కళ్లద్దాలు తప్పనిసరి. మీ దగ్గర గన్ లేకపోతే, చైను ఎక్కించాక బండిని దగ్గరలోని టైర్ షాపు దాకా తోసుకుపోయి వాళ్ల గన్‌తో నట్టు వదిలించుకోవచ్చు. చేత్తో మళ్లీ బిగించి ఇంటికి తోసుకొచ్చి మిగతా పని మీరే చేసుకోండి. నట్టు వదిలాక బండి నడపకండి.

మూలలు పూర్తిగా పోతే నట్టును బలి ఇవ్వడమే. చిన్న రోటరీ టూల్‌కు కటింగ్ డిస్క్ బిగించి, నట్టు ఒక చదును మీద మర వరకు రాకుండా, అర మిల్లీమీటరు మందం మిగిలేలా గాడి కోయండి. గాడిలో ఉలి పెట్టి మెలితిప్పితే నట్టు విచ్చుకుంటుంది. ఇనుప రజను సీల్‌లోకి పోకుండా చుట్టూ తడిగుడ్డ కప్పండి. ఉలిని నట్టు మూలకు ఏటవాలుగా పెట్టి సుత్తితో బాదే పద్ధతి కొందరు చేస్తారు. నేను చేయను. ఆ దెబ్బలన్నీ షాఫ్టు బేరింగ్ మీద పడతాయి, ఒక్క దెబ్బ తప్పితే మర చితికిపోతుంది. నట్టు కోసే స్థితి వస్తే, చేతికి అలవాటు లేనివాళ్లు అక్కడ ఆగి మెకానిక్‌ను పిలవడమే మంచిది. అందులో నామోషీ ఏమీ లేదు.

తిరిగి బిగించేటప్పుడు

విప్పడం మీద పెట్టిన శ్రద్ధ బిగించడం మీద పెట్టరు, నాకు అన్నిటికన్నా బాధ కలిగించేది అదే. రెండేళ్ల కింద హోసూరు రోడ్డు మీద ఆగిపోయిన బండి ఒకటి తెచ్చారు. అంతకు నెల ముందు ఎక్కడో చైన్ కిట్ వేయించుకున్నారట. పాత వాషర్‌నే మళ్లీ వేశారు, చెవి అప్పటికే రెండుసార్లు మడిచినది, విరిగిపోయింది. నట్టు వదులై స్ప్రాకెట్ ఊగి ఊగి షాఫ్టు గాడులు గుండ్రంగా అరిగాయి. అదృష్టం బాగుండి చైను ఊడినప్పుడు బండి నెమ్మదిగా ఉంది. వేగంలో ఊడిన చైను స్ప్రాకెట్ దగ్గర చుట్టుకుంటే వెనక చక్రం లాక్ అయిపోతుంది.

కాబట్టి కొత్త వాషర్ తప్పనిసరి. మరను బ్రష్‌తో తోమి ఆరబెట్టండి. మాన్యువల్ లాక్‌టైట్ చెప్తేనే వేయండి, నీలం రకం ఒక చుక్క చాలు. వాషర్ మీద బయటి వైపు అని గుర్తు ఉంటే అది మీకు కనపడేలా పెట్టండి. నట్టు వేశాక, చైను ఎక్కించి, బ్రేకు పట్టించి, టార్క్ రెంచ్‌తో (ఎంత బలంతో బిగిస్తున్నామో చూపే రెంచి) మాన్యువల్ చెప్పిన కొలతకు బిగించండి. బిగించడానికి ఇంపాక్ట్ గన్ వాడకండి, తర్వాతి సారి విప్పేవాళ్లు మళ్లీ మీలాగే తిప్పలు పడతారు. తర్వాత చెవిని నట్టు చదును మీదికి పూర్తిగా ఆనేలా మడవండి. మూల మీద మడిచిన చెవి పట్టదు. చదును ఎదురుగా రాకపోతే నట్టును ఇంకాస్త బిగించి సరిచేయండి, వదులు చేసి కాదు.

చైను వదులు ఎంత ఉండాలో స్వింగ్ ఆర్మ్ మీద స్టిక్కర్‌లో ఉంటుంది, దాని ప్రకారం సరిచేసి, కవరు బిగించే ముందు నట్టు మీదుగా షాఫ్టు కొస దాకా తెల్ల పెయింట్‌తో ఒక గీత గీయండి. వంద కిలోమీటర్లు తిరిగాక కవరు తీసి ఆ గీత చూడండి. గీత ఒకే వరసలో ఉంటే కవరు మూసేయండి. వెంట్రుకవాసి జరిగినా మళ్లీ విప్పి, ఇంకో కొత్త వాషర్‌తో మొదటి నుంచి బిగించండి.